తొమ్మిదో పుట అడుగున

నెస్టా నా భార్య. ఆమె మాటలు మాత్రం టేగిడ్ పారీవి. నాకు మిగిలినవి ఇవి: కిటికీ వెయ్యి, కూరలో ఉప్పు చాల్లేదు, రేపు వాన. ఇరవై రెండేళ్ళ కాపురం. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఆమె తోటి గణితవేత్త, ఆ టేగిడ్ పారీ, ఇప్పుడు నా ముందుగదిలో, తడి కోటు విప్పకుండా, నెస్టా కుర్చీలో కూర్చున్నాడు. మేడమీద నా కూతురు మెలెరి అలమార ఖాళీ చేస్తోంది. కాగితాలు నేల మీద పడుతున్న చప్పుడు మెట్లదాకా వినిపిస్తోంది.

నేను పైకి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"పన్ను రసీదులు," అంది మెలెరి, తల ఎత్తకుండా. "చాపెల్ పాటల పుస్తకాలు. క్వారీ మూసేసినప్పటి నోటీసు కూడా దాచావు. అమ్మ రాత మాత్రం ఒక్క ముక్క లేదు."

"ఉన్నవి ఆమె పనిచేసిన కాలేజీకి ఇచ్చేశాను."

"ఇచ్చినవి నేను చూశాను నాన్నా. ఏడు వ్యాసాలకీ చేత్తో రాసిన ప్రతులున్నాయి. ఎనిమిదోదానికి లేదు. చివరిదానికి."

"పోయుంటుంది."

"నువ్వు పారేసే మనిషివా? చిరిగిన గొడుగులు మూడున్నాయి ఇక్కడ."

నేను వంగి ఒక గొడుగు తీసి గోడకి ఆనించాను.

"శుక్రవారం," అంది. "ఈ రోజు బుధవారం. శుక్రవారం పత్రిక అచ్చుకి వెళ్తుంది. అందులో, నెస్టా ప్యూ సిద్ధాంతం తప్పు, దాన్ని వాడినవాళ్ళందరూ తమ పని మళ్ళీ చూసుకోవాలి అని ఉంటుంది. అమ్మ పేరుతో. నువ్వు గొడుగులు దాచుకో."

ఆ ప్రతి ఎక్కడుందో నాకు తెలుసు. టైపు మిషను పెట్టె మూతకి లోపలి వైపు, గుడ్డ కింద. పద్దెనిమిదేళ్ళుగా అక్కడే ఉంది. అందులో తొమ్మిదో పుట. దాని అడుగున నెస్టా చిన్నక్షరాల్లో నాలుగు వాక్యాలు రాసింది. వాటిలో టేగిడ్ పేరుంది. ఆమె వ్యాసాలన్నీ టైపు చేసింది నేనే. ఆ నాలుగు వాక్యాలూ చెయ్యలేదు.

ప్రూఫులు వచ్చేసరికి ఆమె ఆసుపత్రిలో ఉంది. చూసి, అంతా సరిగ్గా ఉందని రాసి పంపింది కూడా నేనే. అచ్చయిన పత్రిక వచ్చిన రోజుకి ఆమె పోయి ఐదు వారాలు.

"కిందకి రా," అన్నాను. "వాడికి టీ ఇచ్చి పంపించు."

"వాడు కాదు. టేగిడ్ మావయ్య."

"నీ తల్లికి అన్నదమ్ములు లేరు."

మెలెరి లేచి నా పక్కనుంచి దిగిపోయింది.

* * *

టీ మెలెరే పెట్టింది. ఎండుద్రాక్ష రొట్టె కోసి వెన్న రాసింది. టేగిడ్ ముక్క తీసుకుని పళ్ళెం అంచున పెట్టుకున్నాడు, తినలేదు. వాడికి అరవై ఏడు. నాకన్నా మూడేళ్ళు చిన్న. తండ్రి చాపెల్‌లో బోధకుడు. వీణ్ణి చదివించాడు. మా నాన్న రాయి చీల్చేవాడు. నన్ను పద్నాలుగేళ్ళకి ఊరి బడి నుంచి తీసి క్వారీ ఆఫీసులో కూర్చోబెట్టాడు. అక్కడ టైపు నేర్చుకున్నాను.

"ఇద్వాల్ గారూ," అన్నాడు టేగిడ్, "మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని రాలేదు."

"వచ్చాక పెడుతున్నావుగా."

"నాన్నా!"

"అసలు ఏమైందో నాకు చెప్పండి ఒకసారి," అన్నాను. "ఇద్దరూ వచ్చినప్పటి నుంచి ఏదేదో అంటున్నారు. నేను చదివింది ఊరి బడి. నాకు తెలిసేలా చెప్పండి."

మెలెరి పత్రికవాళ్ళ ఉత్తరం తిరగేసి, వెనకవైపు గుండ్రాలు గీసింది. పెద్దది, దాని లోపల చిన్నది, దానిలో ఇంకా చిన్నది. అన్నీ ఒకే చుక్క దగ్గర తగులుతున్నాయి.

"ఇలా అంతులేకుండా గీస్తూ పోయామనుకో. ఈ చుక్క దగ్గర బయల్దేరి, ఏదో ఒక గుండ్రం చుట్టి, మళ్ళీ ఇక్కడికే వస్తావు. అది ఒక చుట్టు. ఒక చుట్టుని తెంచకుండా జరుపుతూ ఇంకో చుట్టుగా మార్చగలిగితే, రెండూ ఒకటే అంటాం. ఒక చుట్టు తిరిగి వెంటనే ఇంకోటి తిరిగితే, రెండూ కలిసి మూడో చుట్టు. సరేనా?"

"సరే."

"ఇప్పుడు ఏ చుట్టు దేనికి దగ్గర అని చెప్పాలి. అమ్మ పనంతా అదే. మొదటి రెండు చుట్లనీ కాస్త కదిపితే, కలిపిన మూడోది కూడా కాస్తే కదలాలి. పెద్దగా గెంతకూడదు. ఎప్పుడూ గెంతదు అని అమ్మ సిద్ధాంతం."

"గెంతుతుందా?"

"గెంతుతుంది. డెన్మార్క్ నుంచి ఒకామె ఈ గుండ్రాలతోనే చూపించింది. నాలుగు పుటలు. నేను మూడు రోజులు తప్పు వెతికాను. లేదు."

టేగిడ్ ముందుకి వంగాడు. "కానీ అది మామూలుగా కొలిస్తే. చుట్లని జతలుగా తీసుకున్నప్పుడు, ఏ జత ఏ జతకి దగ్గర అని కొలవడానికి ఇంకో పద్ధతి ఉంది. ఆ పద్ధతిలో అయితే నెస్టా రాసిన ప్రతి అక్షరం నిజం. ఒక్క వాక్యం ఉంటే చాలు. జతలన్నీ రెండో పద్ధతిలో తీసుకున్నాను అని. ఆ వాక్యం లేదు."

"లేకపోతే రాయలేదన్నమాట."

"ఆమెకి తెలుసు!" టేగిడ్ గొంతు పెరిగింది. నేను ఆ గొంతు పెరగడం ఎప్పుడూ వినలేదు. "దాని గురించి మేము మాట్లాడుకున్నాం. ఒగ్వెన్ సరస్సు దగ్గర. ఆగస్టులో. ఆమె రాయకుండా ఉండదు. సొంత వ్యాసంలో కామా కోసం నెల రోజులు కొట్టుకునే మనిషి."

మేము. ఒగ్వెన్. ఆగస్టు. వాడు తేదీలతో సహా దాచుకున్నాడు.

"వ్యాసం అచ్చయ్యాక నువ్వు చదవలేదా?"

"చదివాను."

"అప్పుడు లేదని కనబడలేదా?"

టేగిడ్ రొట్టె ముక్క వైపు చూశాడు. "నాకు తెలిసిన విషయమే కదా అని చదివాను. ఉన్నట్టే కనిపించింది."

"పద్దెనిమిదేళ్ళు, లేనిదాన్ని చదువుకున్నావు."

"అందరం అలాగే చదివాం నాన్నా," అంది మెలెరి. "నా పరిశోధనంతా దాని మీదే. నాకూ కనబడలేదు."

"నీ సంగతి వేరు. నువ్వు కూతురివి. వీడెవడు?"

పొయ్యిలో బొగ్గు కూలింది. మెలెరి లేచి దాన్ని సర్దింది, అవసరం లేకపోయినా.

ఒకసారి భోజనాల దగ్గర నెస్టా అంది: బయల్దేరిన చోటికే తిరిగి రావాలని ఎందుకు పట్టుబట్టాలి? ఇక్కడ బయల్దేరి అక్కడ ఆగే దారుల్ని కూడా కలుపుకుంటే అన్నీ తేలికవుతాయి. దానికి గ్రూపాయిడ్ అని పేరట. పదేళ్ళ మెలెరి పెద్ద తెలిసినట్టు తలూపింది. నేను చెంచా కింద పెట్టి, ఎవరన్నారు అని అడిగాను. నెస్టా నా మొహం చూడలేదు. టేగిడ్ కూడా ఒప్పుకున్నాడు అంది, సంతోషంగా. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ నడకకి వెళ్తే నేను గడియారం చూసేవాణ్ణి.

"అడగనా?" అన్నాను టేగిడ్‌తో. "ఇన్నేళ్ళూ అడగలేదు."

"అడగండి."

"నా భార్య నీకు ఏమిటి?"

"నాన్నా, ఆపు."

"నువ్వు మాట్లాడకు. వాడు చెప్తాడు."

టేగిడ్ కప్పు కింద పెట్టాడు. సాసర్ మీద సరిగ్గా కూర్చోలేదు. మళ్ళీ ఎత్తి పెట్టాడు.

"నేను పెళ్ళి చేసుకోలేదు," అన్నాడు చివరికి. "ఎందుకని నన్ను ఎవరూ అడగలేదు."

మెలెరి చేతిలో పొయ్యికడ్డీ అలాగే ఉండిపోయింది.

"ఆమెకి తెలుసా?" అన్నాను.

"తెలిసి ఉంటే నాతో అంత తేలిగ్గా పోట్లాడేది కాదు. మీకు ఒగ్వెన్ అంటే ఏం కనబడుతోందో నాకు తెలీదు, ఇద్వాల్ గారూ. వాన. బస్సు రాలేదు. రేకుల షెడ్డులో రెండు గంటలు నిలబడి, చేపల ముద్ద పెట్టిన బ్రెడ్డు తింటూ ఒకరి మీద ఒకరు అరుచుకున్నాం. ఒక గొర్రె కూడా వచ్చి నిలబడింది."

మెలెరి నవ్వింది. ఆపుకోలేక. తర్వాత నా మొహం చూసి ఆపుకుంది.

నాకు నవ్వు రాలేదు. రెండు గంటలు. నాతో నెస్టా రెండు గంటలు ఎప్పుడూ అరవలేదు. నా మీద అరవడానికి ఆమెకి ఏమీ దొరకలేదు.

* * *

టేగిడ్ కోటు జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

"ఆ చేతిరాత దొరకదని అర్థమైంది. అందుకని ఇది రాసుకొచ్చాను. పత్రికవాళ్ళకి. మెలెరి, చదువమ్మా."

మెలెరి చదివింది. చక్కటి చేతిరాత. ఎక్కడా కొట్టివేత లేదు. ఫలానా సంవత్సరం ఆగస్టులో, ఒగ్వెన్ సరస్సు దగ్గర, ఈ సిద్ధాంతానికి రెండో పద్ధతి షరతు తప్పనిసరి అని నేను డాక్టర్ ప్యూకి చెప్పాను. ఆమె దాన్ని అంగీకరించారు. అచ్చులో అది జారిపోయింది. సిద్ధాంతం ఆ షరతుతో నిజం. ఇట్లు, టేగిడ్ పారీ.

"వాళ్ళు నమ్ముతారు," అన్నాడు. "నా మాటకి ఆ మాత్రం విలువుంది."

మెలెరి కళ్ళు తడయ్యాయి. "మావయ్యా..."

"నువ్వు చెప్పావా?" అన్నాను.

"ఏంటి?"

"ఆ షరతు. నువ్వు ఆమెకి చెప్పావా?"

"అవును."

"నువ్వు?"

"ఆ రోజే. ఆ షెడ్డులో. నాకు నిన్న జరిగినట్టు గుర్తుంది."

వాడు అబద్ధమాడటం లేదు. అది నాకు తెలుస్తూనే ఉంది. నిజంగానే అలా గుర్తుంది వాడికి. అదే భరించలేకపోయాను. మాటలు తీసుకున్నాడు. నడకలు తీసుకున్నాడు. ఇప్పుడు ఆమె తలలో పుట్టినదాన్ని తనది అనుకుని, దానం చేస్తున్నట్టు ఆమెకే తిరిగి ఇస్తున్నాడు. అది అచ్చయితే, లోకం ఉన్నంతకాలం నెస్టా వాడి దయ మీద నిలబడి ఉంటుంది.

కూర్చుంటే సరిపోయేది. నోరు మూసుకుని ఇంకో ముక్క రొట్టె తింటే, శుక్రవారం గడిచిపోయేది. నా సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

లేచాను.

"ఎక్కడికి?" అంది మెలెరి.

మెట్లెక్కాను. మంచం కింద నుంచి టైపు మిషను పెట్టె లాగాను. మూత గుడ్డ కుట్లు గోటితో తెంచాను. కిందకి వచ్చి ఆ తొమ్మిదో పుటని టేగిడ్ ఒళ్ళో పెట్టాను. కూతురి చేతికి ఇవ్వలేదు. వాడే చదవాలి.

"పైకి చదువు," అన్నాను. "అడుగున."

వాడు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. నెస్టా రాత చూడగానే వేళ్ళు ఆగాయి. తర్వాత చదివాడు.

"'ఈ వ్యాసంలో జతలన్నీ రెండో పద్ధతిలో తీసుకున్నవి, మామూలు పద్ధతిలో సిద్ధాంతం నిలవదు. ఇది నాకు ఒగ్వెన్ దగ్గర, బస్సు కోసం చూస్తూ, టి. పారీతో వాదిస్తుండగా తట్టింది. అక్కర్లేదని ఆయన...'"

ఆగిపోయాడు.

"చదువు."

"'...అక్కర్లేదని ఆయన రెండు గంటలు పట్టుబట్టారు. ఆ మొండితనానికి ఆయనకి నా కృతజ్ఞతలు.'"

వాడు కళ్ళద్దాలు తీసేశాడు. ముసలివాడిలా కనిపించాడు. ముసలివాడే.

"నేనే చెప్పాననుకున్నాను," అన్నాడు. "నా విద్యార్థులకి అలాగే చెప్పాను. ఇన్నేళ్ళూ. ప్రతి ఏడూ."

"నువ్వు అక్కర్లేదన్నావు."

"అక్కర్లేదన్నాను." వాడు మెల్లగా తలూపాడు. "అవును. తర్వాత ఇంటికెళ్ళి ఆలోచించి ఆమె మాటే సరైందనుకున్నాను. ఆ తర్వాత అది నా మాట అయిపోయింది. మాలో ఇది జరుగుతుంది. ఒప్పుకున్నదాన్ని కనిపెట్టినట్టు గుర్తుంచుకుంటాం."

తను రాసుకొచ్చిన ఉత్తరాన్ని మెలెరి చేతిలోంచి తీసుకుని, నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేశాడు.

నాకు సంతోషమైంది. దాచను. ఆ ముక్కలు కాలినంతసేపు ఉంది ఆ సంతోషం.

ఆమె డిపార్టుమెంటులో మిగతావాళ్ళ వ్యాసాలు కూడా నేనే టైపు చేసేవాణ్ణి. చిహ్నాలకి ఖాళీలు వదిలితే వాళ్ళు సిరాతో నింపుకునేవారు. వ్యాసం చివర రాసేవారు: ఓపిగ్గా టైపు చేసిన ఇద్వాల్ ప్యూకి కృతజ్ఞతలు. అది వాళ్ళ ఆచారం. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా రాశారు. నెస్టా ఏడు వ్యాసాల్లో ఎక్కడా నా పేరు లేదు. ఇంట్లో మనిషికి ఎందుకు అనుకుని ఉంటుంది. ఎనిమిదోదానిలో మొదటిసారి ఒకరికి కృతజ్ఞతలు చెప్పింది. మొండితనానికి. నేను మొండివాణ్ణి కానా?

మెలెరి కాగితం తీసుకుని కిటికీ దగ్గరకి వెళ్ళింది. చాలాసేపు చూసింది.

"ఈ పెన్సిలు గీతలేంటి?"

నేను పొయ్యి వైపు తిరిగాను.

"ప్రతి పేరా పక్కనా చిన్న గీత ఉంది. నీ గీతలు ఇవి. నాకు నువ్వే నేర్పావు, చిన్నప్పుడు, ఎక్కాలు రాయించేటప్పుడు. అయిపోయిన వరస పక్కన గీత." ఆమె వేలు కాగితం మీదుగా దిగింది. "ఇక్కడున్నాయి. ఇక్కడున్నాయి. అడుగున ఈ నాలుగు వాక్యాల పక్కన లేదు. చుట్టూ గీసి ఉంది. గుండ్రంగా. గట్టిగా."

టేగిడ్ లేచాడు. "మెలెరి, వినమ్మా. చేయి జారిందని రాద్దాం. టైపు చేసేటప్పుడు అడుగున ఉన్నది వదిలిపోవడం మామూలే. పత్రికవాళ్ళకి కావలసింది టైపు చేసినవాళ్ళ సంతకంతో ఒక వాక్యం. పొరపాటున వదిలేశాను అని. ఇద్వాల్ గారు సంతకం పెడితే శుక్రవారం సవరణ వస్తుంది. నెస్టాకి మచ్చ ఉండదు. ఎవరికీ ఉండదు."

నా వైపు చూశాడు. వాడి కళ్ళలో కోపం లేదు. వెతికాను. లేదు.

"ఎవరికీ ఉండదు," అన్నాడు మళ్ళీ, మెత్తగా, నన్ను బతిమాలుతున్నట్టు.

ముప్పై ఏళ్ళలో వాడు నాకు చేసిన అన్యాయాలన్నిటికన్నా అది పెద్దది.

"మావయ్యా, మీరు ఉండండి," అంది మెలెరి. నా ఎదురుగా వచ్చి నిలబడింది. వాళ్ళమ్మ ఎత్తు. "అమ్మ ఆసుపత్రిలో అడిగింది. నాకు గుర్తుంది. నాకు పన్నెండేళ్ళు. ప్రూఫులు వచ్చాయా, తొమ్మిదో పుట చూశావా అని అడిగింది. నువ్వు చూశానన్నావు. అంతా ఉందన్నావు. ఆమె పడుకుంది."

"మెలెరి."

"నాకు ఉపన్యాసం అక్కర్లేదు. ఒక్క మాట. జారిందా? తీసేశావా?"

"కాగితం ఇచ్చాను కదా."

"కాగితం చాలదు! ఎవరైనా తర్వాత రాసి చేర్చారంటారు వాళ్ళు. మనిషి చెప్పాలి. జారిందని సంతకం పెట్టు, లేదా తీసేశానని పెట్టు. ఏదైనా పెట్టు. అమ్మ కోసం. కానీ నాకు మాత్రం నిజం చెప్పు."

టేగిడ్ తన కలం మూత తీసి బల్ల మీద పెట్టాడు. నా వైపు తిప్పి పెట్టాడు, పట్టుకోవడానికి వీలుగా.

జారిందంటే వాడి దయ మీద బతకాలి. తీసేశానంటే ఎందుకని అడుగుతుంది నా కూతురు, చెప్పాలి, వాడు వింటుండగా. నాకు కృతజ్ఞతలు కావాలనిపించిందని, వాడి ముందు.

నేను కలాన్ని బల్ల అవతలికి నెట్టాను. అది దొర్లి టేగిడ్ బూటు పక్కన పడింది. వాడు వంగి తీసుకోలేదు.

"నా సంతకం లేకుండా చేసుకోండి," అన్నాను. "ఆ రాత ఆమెది. అది చదవలేనివాళ్ళకి నా మాటెందుకు? జారిందో తీశానో నువ్వు అడిగావు. విన్నాను. ఇంకెప్పుడూ అడగొద్దు. ఈ ఇంట్లో అడగొద్దు, నా మంచం పక్కన కూర్చుని అడగొద్దు. శుక్రవారం వచ్చినా, పోయినా, దీని గురించి నా నోట ఒక్క మాట రాదు."

"నాన్నా..."

"రాదు."